ఆ వాయి దిగేదాకా

మా పెదనాన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బేకరీలో ఆయన మాటే శాసనం: బట్టీలో సరుకుండగా ఎవరూ గడప దాటకూడదు. ఆయనా మా నాన్నా కలిసి నడిపే ఆ బేకరీలో ఒక్క వాయి కూడా మాడలేదని వీధి వీధంతా చెప్పుకునేది. ఆ పేరు కోసమే పెదనాన్న ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు.

ఒక పొద్దున రొట్టెలు లోపలికి తోసిన కాసేపటికే ఆయనకు ఛాతీ పట్టేసింది. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఆసుపత్రికి పోదామని నాన్న బతిమాలితే, గ్యాసేలే, ఈ వాయి దిగనీ అన్నాడు. పిండి బస్తా మీద కూర్చుని, పళ్లు బిగబట్టి రొట్టెల రంగు చూస్తూ ఉండిపోయాడు. అవి దిగాయి. అప్పుడైనా కదిలాడా? పొంగిన పిండి పారేస్తామా అని రెండో వాయి కూడా పెట్టించాడు.

అదీ దిగాక చేరిన ఆసుపత్రిలో, గుండె నాళానికి అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. గడ్డ కరిగింది, మనిషి దక్కాడు. కానీ అప్పటిదాకా రక్తం అందక గుండె కండ కొంత చచ్చిపోయిందనీ, ముందే వచ్చి ఉంటే అదీ చాలావరకు మిగిలేదనీ డాక్టరమ్మ చెప్పింది. కొన్ని నెలల తర్వాత తీసిన స్కానింగ్‌లోనూ అదే తేలింది. గుండె కొట్టుకుంటోంది గానీ, ఒంటికి కావాల్సినంత రక్తాన్ని నెట్టలేకపోతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని పెద్దమ్మ రోజూ సాధించేది. ఆయన మాత్రలు మింగి బేకరీకి బయల్దేరేవాడు.

పిండి పిసికే పని నాన్నకు వదిలేసి, తాను స్టూలు మీద కూర్చుని రంగు చూసి చెప్పేవాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బస్తాలెత్తిన మనిషిని అలా చూస్తే నాకు కోపమూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

నిరుడు నాన్న వంతు వచ్చింది. బట్టీ నిండా రొట్టెలున్నాయి. నాన్న ముఖం పాలిపోయింది, నొప్పి ఎడమ చేతిలోకి దిగింది. ఒక కడుపున పుట్టినవాళ్లు కదా, అదే పాట అందుకున్నాడు.

"ఈ ఒక్క వాయి దిగనీ, అన్నయ్యా."

పెదనాన్న స్టూలు మీంచి లేచాడు. నాన్న చేతిలోని పొడుగు తెడ్డు లాక్కుని పక్కన పడేసి, నన్ను ఆటో పిలవమన్నాడు. తమ్ముడి భుజం పట్టుకుని తానే బయటికి నడిపించాడు. బట్టీ వైపు తిరిగి కూడా చూడలేదు. మేం వెళ్లాక వీధంతా మాడు వాసన కొట్టిందట.

ఇంజెక్షన్ వేళకు పడింది. తర్వాత స్కానింగ్ చూసి, గుండె బాగానే పనిచేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది. నాన్న మాత్రం ఇంటికొచ్చాక కూడా సణుగుతూనే ఉన్నాడు, ఇన్నేళ్ల పేరు మసి చేశావని.

మెట్లెక్కి వచ్చిన పెదనాన్న మంచం పక్కన కూర్చుని, ఆయాసం తీరేదాకా ఆగాడు.

"ఆ రోజు నా రొట్టెలు ఎర్రగా దిగాయిరా. సాయంత్రానికల్లా ఎవరో తినేశారు."