తట్టీల కింద మిగిలిన నీళ్లు

నడి మధ్యాహ్నం కాగిన కుండీలో నీళ్లు పడితే ఒక వాసన లేస్తుంది. తొలకరి మట్టి వాసన అని కొందరు పొరపడతారు. కాదు. తొలకరి వాసన చల్లగా ఉంటుంది, ఇది ఉడికిన వాసన. మొన్న రోహిణి కార్తెలో, కరీంనగర్‌లో మా ఇంటికి ఎదురుగా ఉన్న ఫంక్షన్ హాలు గేటు దగ్గర నుంచి ఆ వాసన వచ్చింది. కిటికీలోంచి చూస్తే వాచ్‌మన్ పైపు పట్టుకుని, గేటుకు అటు నాలుగు ఇటు నాలుగు పెట్టిన కాగితపు పూల చెట్లకు పొంగిపొర్లేదాకా పోస్తున్నాడు. వాటినే ఇప్పుడు బోగన్‌విలియా అంటున్నారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాను. అరికాళ్లు కాలాయి. ఈ ఎండలో నీళ్లెందుకు పోస్తున్నావని అడిగితే, "ఎండకు తలకాయలు ఏలాడేసినయ్ తాతా, పాపం అనిపియ్యదా" అన్నాడు. వంగి కుండీ మీద వేలి కణుపుతో కొట్టాను. ప్లాస్టిక్ కుండీ, ఏమీ పలకలేదు. ఇంటికొచ్చి పడుకుంటే పడక కుదరలేదు. గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి సాయంత్రం దాకా తిరిగాను. పాపం అనిపించే, ఒకప్పుడు నేను ఒక మనిషి బతుకు మీద నీళ్లు పోశాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఒకటి రెండు ఎండాకాలాలు గడిచిన రోజులవి. మెట్‌పల్లి దాటి గోదావరి దిక్కు పోయే రోడ్డు మీద ఒక సర్కారు బంగ్లా ఉండేది. పర్యటనకు వచ్చిన అధికారులు అందులో దిగేవారు. నేను అక్కడ నీళ్ల మనిషిని. ఇరవై రెండేళ్లవాణ్ణి, బడి గడప తొక్కనివాణ్ణి. బావిలోంచి తోడడం, స్నానాల తొట్టి నింపడం నా పని. ఎండాకాలమైతే కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడకల మీద అరగంటకోసారి నీళ్లు చల్లాలి. తట్టీలనేవాళ్లం వాటిని. వాటిలోంచి దూరిన వడగాలి లోపలికి చల్లగా పోయేది. లోపల దొర నిద్రపోవాలంటే బయట ఒకడు ఎండలో నిలబడాలి, అదీ లెక్క. నిలబడ్డవాడి పేరు ఎవరూ అడగలేదు. ఒక్క ఎండాకాలం ఆ పని చేసినవాడికి ఇక చేతులు ఊరుకోవు. ఎండిన వస్తువు ఏది కనిపించినా దాని మీద నీళ్లు చల్లబుద్ధవుతుంది.

తోట చూసేది లసుమవ్వ. మా అమ్మ ఊరి ఆమె, అందుకని చిన్నవ్వా అని పిలిచేవాణ్ణి. ఆమె భర్త నిజాం కాలం నుంచి అక్కడే మాలీ. అతను జ్వరమొచ్చి పోయాక పని మొత్తం ఆమే చేసింది. ఉద్యోగం మాత్రం ఆమెకివ్వలేదు, రోజు కూలీగా ఉంచారు. కచ్చా నౌకరి అనేది ఆమె. పొడుగు మనిషి, బొంగురు గొంతు. కుడిచేతి నడిమి వేలి కణుపు మీద చింతగింజంత కాయ కాసి ఉండేది. అది ఎందుకు కాసిందో నేను పనిలో చేరిన మొదటి పొద్దుటే తెలిసింది. బంగ్లా మెట్లకు రెండు వైపులా పన్నెండు మట్టి కుండీలు, వాటిలో కాగితపు పూల చెట్లు. ఒక్కొక్క కుండీ మీద ఆ కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి విని, కొన్నిటికి నీళ్లు పోసి కొన్నిటిని దాటిపోతోంది. పెళ్లికి కుండలు కొనేవాళ్లు కూడా అంత శ్రద్ధగా కొట్టి చూడరు.

"ఏం వింటున్నవ్ చిన్నవ్వా?"

"కణకణ మోగితే దూప అయితున్నట్టు. దబ్బుమని పలికితే కడుపు నిండున్నట్టు. మనుషులకు గూడ గిట్ల కొట్టి చూసే ఇకమతు ఉంటే ఎంత బాగుండు, మీ ఓవర్సియర్‌ను రోజుకు రెండుసార్లు కొడుదును."

దూప అంటే దాహం. ఆమె దగ్గర కూర్చుంటే పని పాఠంలా ఉండేది కాదు, దెప్పుడులా ఉండేది. ఉగాది దాటగానే కుండీలకు బయట సున్నం పూసేది. వాటిని ఇటుకల మీద నిలబెట్టి, చిన్న కుండీని పెద్ద కుండీలో దించి మధ్య ఇసుక నింపేది, కొట్టి వినడానికి లోపలి కుండీ మెడ మాత్రం పైకి ఉంచేది. "తలకు ఎండ, కాళ్లకు నీడ. రెండిట్ల ఏది తప్పినా ఎండకాలం దాటది" అనేది. రాణి రంగు గుత్తినొకదాన్ని తుంచి నా చేతిలో పెట్టి, ఆ రంగుది పువ్వు కాదు ఆకేనని, అసలు పువ్వు లోపల తెల్లగా బియ్యపు గింజంత ఉందని చూపించింది. అంతవరకూ ఎన్నిసార్లు చూసినా నేను చూడలేదన్నమాట. ఒక మధ్యాహ్నం చెట్లన్నీ ఆకులు వాల్చేస్తే నేను బొక్కెన పట్టుకుని పరుగెత్తాను. ఆమె అడ్డం నిలబడింది.

"ఆగు. పొద్దుగాల తల వంచితే అది దూపకు. పగటీలి వంచితే ఎండకు. గీ ఎండకు నువ్వు వంచవా తల? పొద్దుమూకంగ చూడు, అదే లేస్తది."

"లేవకుంటే?"

"లేవకుంటే నన్ను లేపు. గప్పటిదాక నీ చేతులు చంకల పెట్టుకో."

సాయంత్రానికి నిజంగానే లేచాయి. నేను మాత్రం ఆ సాయంత్రం దాకా ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో చెప్పలేను.

ఆ ఏడు వేసవి మొదట్లో, మా మీద పెత్తనం చేసే ఓవర్సియర్ ఒక కబురు తెచ్చాడు. మిరుగం లోపల, అంటే మృగశిర కార్తెకు ముందే, పెద్ద ఇంజనీరు వస్తాడట, ఆయనకు పూలంటే ప్రాణమట. మెట్లు రంగుతో నిండి ఉంటే లసుమవ్వ నౌకరి పక్కా చేయించే మాట తాను ఎత్తుతాడట. పక్కా అయితే బంగ్లా వెనక గది ఆమెకు ఉంటుంది, లేకపోతే కొత్త మాలీ ఎప్పుడు వస్తే అప్పుడు ఖాళీ చేయాలి. మర్నాటి నుంచి ఆమె నడక మారింది. కొమ్మల చివరలు తుంచింది. తర్వాత నీళ్లు తగ్గించింది. "కడుపు నిండితే గిది ఆకులే పెడ్తది. జర దూపయితేనే రంగుకొస్తది. రోహిణిల చూడు, మంటలెక్క పూస్తయి" అంది. ఆమె అంత నమ్మకంగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఇక నా చేతుల సంగతి. తట్టీల నుంచి కారిన నీళ్లు కింద రేకు తొట్టిలో పడేవి. వాటిని బొక్కెనలోకి ఎత్తి మళ్లీ చల్లేవాణ్ణి. చివరికి కొన్ని మిగిలేవి. బావి అడుగు కనిపిస్తున్న రోజుల్లో వాటిని పారబోయడానికి మనసెలా ఒప్పుతుంది? మూడడుగుల దూరంలో చెట్లు తలలు వాల్చి ఉండేవి. ఆమె వెనక గదిలో నడుం వాల్చిన వేళ ఒకరోజు పోశాను. ఎంత హాయిగా ఉందంటే, పుణ్యం చేసినట్టనిపించింది. మర్నాడు ఇంకో రెండు కుండీలకు పోశాను. వారం తిరిగేసరికి వరస కట్టి పన్నెండిటికీ పోస్తున్నాను. ఆమె మొండిదనీ, నాది దయ అనీ నాలో నేను అనుకున్నాను. చదువులేనివాడి దయ ఇది అని మీరనవచ్చు. చదువుకున్నవాళ్ల దయ కూడా తర్వాత చాలా చూశాను, అదీ ఇంతే.

పొద్దున్నే ఆమె కుండీ మీద కొడితే దబ్బుమంది. నుదురు ముడిపడింది. "నిన్న మోగింది, ఇయ్యాల మోగుతలేదు. కుండీకి పగులొచ్చిందా, నాకు చెవుడొచ్చిందా?" అంది. నేను నవ్వి తట్టీల వైపు పోయాను. తడిగా ఉన్నాయి కాబట్టి ఆమె నీళ్లు పూర్తిగా ఆపేసింది. ఆమె ఆపేసిందని చూసి నేను ఇంకా ఎక్కువ పోశాను. నేను పోసిన కొద్దీ కుండీలు మూగబోయాయి, అవి మూగబోయిన కొద్దీ ఆమె చెంబు ముట్టలేదు. ముందు లేత ఆకులు గుబురుగా వచ్చాయి, రంగు మాత్రం లేదు. తర్వాత ఆ ఆకులే పసుపుబారాయి. చివరికి మధ్యాహ్నం వాలిన తలలు సాయంత్రం లేవడం మానేశాయి.

"మల్లేశం, నిజం చెప్పు. ఎవడన్న నీళ్లు పోస్తుండా?" అని ఒకరోజు సూటిగా అడిగింది.

"నాకేం ఎరుక చిన్నవ్వా" అన్నాను. ఆ మాట నోటి నుంచి రావడానికి క్షణం కూడా పట్టలేదు. అరవై ఏళ్లు దాటినా నోట్లోంచి పోలేదు.

పెద్ద ఇంజనీరు చెప్పిన రోజే వచ్చాడు. మెట్ల మీద రాలిన పసుపు ఆకులు బూటుతో పక్కకు నెట్టి, ఏమైంది వీటికి అన్నాడు. ఓవర్సియర్ ముందుకొచ్చి, "పది దినాలాయె సార్, చెంబెడు నీళ్లు పోస్తలేదు. అందరు చూసిండ్రు" అన్నాడు. లసుమవ్వ ఒక కుండీ తీసి బోర్లించి మెట్టు అంచుకు తట్టింది. మట్టి ముద్దగా ఊడి వచ్చింది. వేళ్లు నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడుతున్నాయి, మోరీ కంపు కొడుతున్నాయి. "జర వాసన చూడుండ్రి దొరా. దూపకు సచ్చిన వేరు ఎండిన తాడులెక్క ఉంటది. గిది మునిగి సచ్చింది" అంది. దొర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. అంత చదివినవాడు, ఎదుట పరిచిన సాక్ష్యాన్ని వంగి చూడలేదు. చూసింది ఆమె ఒక్కతే. ఆ మట్టికి అంటుకుని సన్నటి వట్టివేళ్ల పీచులున్నాయి. తట్టీల నుంచి తప్ప అవి ఇంకెక్కడి నుంచీ రావు. ఆమె తలెత్తి నా వైపు చూసింది. రెండు పీచులు తీసి పిడికిట్లో మూసుకుంది.

అప్పుడే దొర నన్నడిగాడు, ఈమె నీళ్లు పోయడం నువ్వు చూశావా అని.

"చూడలే సార్" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నువ్వు పోశావా అని ఎవరూ అడగలేదు. ఇంగ్లీషులో కాగితం రాసి ముందు పెట్టారు. ఏం రాశారో తెలియకుండానే బొటనవేలు ముద్ర వేశాను.

మర్నాడు పొద్దున్నే ఆమె మూట కట్టుకుంది. గేటు దాకా వెంట వెళ్లాను. పిడికిలి తెరిచి ఆ పీచులు చూపించింది.

"నిన్ననే ఎరుకైంది నాకు."

"మరి ఎందుకు చెప్పలే చిన్నవ్వా?"

"చెప్తే ఇద్దరి బువ్వ పోతుండె. కుండీ బోర్లిస్తెనే చూడనోడు గీ పీచును చూస్తడా?" పిడికిలి మళ్లీ మూసి అంది. "పోసుడు ఎవనికన్న అస్తది మల్లేశం. నీకు ఆగుడు రాలే. నౌకరి పోతే పోనీ, రెక్కలున్నయి. గా కాయితంల మాత్రం నేను చెట్లను దూపకు సంపిన అని రాసుకున్నరు. నేను ఒక్క చెట్టును దూపకు సంపలే. ఎప్పటికన్న గది దిద్దియ్యి."

తిట్టి ఉంటే నేను మర్చిపోయేవాణ్ణేమో. ఆ కాగితాన్ని దిద్దాలంటే ముందు చదవాలి. దుకాణం పొట్లాల మీద, బస్సు బోర్డుల మీద అక్షరాలు ఏరుకుంటూ తెలుగు నేర్చుకున్నాను. దొరికిన వాచకమల్లా చదివాను, ఇంగ్లీషూ గుంజుకున్నాను. చెట్లకు నీళ్లు పోసి చంపింది నేను, లసుమవ్వ కాదు అని అర్జీ రాశాను. జవాబు లేదు. నౌకరి పోతే పోయిందని ఆఫీసుకే వెళ్లాను. గుమాస్తా అర్జీ పైనుంచి కిందికి చూసి, "సచ్చిన చెట్ల కోసం ఫైలు ఎవడు దీస్తడయ్యా? నీ నౌకరి నువ్వు చేసుకో పో" అన్నాడు. చూడండి, తప్పు చేసినవాడు వచ్చి నేనే చేశానంటే శిక్షించడానికి కూడా తీరిక లేని ఆఫీసు, చేయనిదాన్ని పంపడానికి ఒక్క పూటలో కాగితం తయారు చేసింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు. అందులో సగం నా మీదేనని కూడా తెలుసు.

ఆ అర్జీ నకలు పట్టుకుని, లసుమవ్వను వెతుక్కుంటూ భైంసా పోయాను. అక్కడ పత్తి జిన్నింగు మిల్లులో పని చేస్తోంది. జుట్టు నిండా దూది, ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు కనిపించింది. ఆమె గుడిసె ముందు అడుగున మేకుతో చిల్లులు పొడిచిన నూనె డబ్బా, చుట్టూ తడిపిన గోనెసంచి, అందులో కాగితపు పూల చెట్టు. ఆకు కనిపించకుండా రాణి రంగు. అర్జీ చదవమంది. చదివాను. నీళ్లు పోసింది నేను అన్న వాక్యం దగ్గర ఆపి, మళ్లీ చదవమంది.

"సర్కారు ముద్ర పడ్డదా దాని మీద?"

"లే చిన్నవ్వా. ఇంక పడలే."

"పడ్తది, ఆగు" అని, నవ్వింది. "ఎవనికి చెప్తున్న నేను. నీకు ఆగుడు రాదాయె."

ముద్ర పడలేదు. తర్వాత కొన్నేళ్లకు ఆమె పోయిందని కబురొచ్చింది. నేను ఎన్నో అర్జీలు రాశాను, ఊరివాళ్ల కోసం, అక్షరం రానివాళ్ల కోసం. ముద్రలు పడ్డాయి చాలావాటి మీద. మొదటిదాని మీద పడలేదు. కనుక ఏ ఆఫీసునూ అడగకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆ పన్నెండు చెట్లు దూపకు చావలేదు. నీళ్లు పోసింది నేను.

ఫంక్షన్ హాలు వాచ్‌మన్ నాలుగు రోజులుగా నా పోరు పడలేక పైపు చుట్టి లోపల పెట్టాడు. ఇవాళ మధ్యాహ్నం మళ్లీ తలలు వాలాయి. వాడు గేటు నీడలో కూర్చుని, "చస్తే నీదే జిమ్మా తాతా" అన్నాడు. వాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. చేతులు మాత్రం చంకల్లో పెట్టుకున్నాను. పొద్దు వాలింది. గేటు పక్క మొదటి కుండీలో ఒక కొమ్మ కొద్దిగా కదిలినట్టనిపించింది. గాలి అనుకున్నాను. గాలి లేదు.