కోసేసిన ముక్క

పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళ చేతిలో ఒక దుర్మార్గపు విద్య ఉంటుంది. వియ్యాలవారి గొడవ, భోజనాల దగ్గర అలిగి లేచిపోయిన మేనమామ, తాళి కట్టేవేళ పెళ్ళికూతురి మొహంలో ఒక్క క్షణం కనిపించిన భయం, వీటన్నిటినీ కోసిపారేసి మిగిలినదాన్ని సన్నాయి పెట్టి అతికించేస్తాం. చూసేవాళ్ళకి అతుకు తెలియదు. విజయవాడ సూర్యారావుపేటలో ఒక క్లినిక్ మీది గదిలో కూర్చుని ఏళ్ళ తరబడి నేను చేస్తున్నది ఇదే. ఇప్పటిదాకా ఒక్కరూ తిట్టలేదు. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో నాకొకరు చెప్పక్కర్లేదన్న పొగరు అందుకే వచ్చిందనుకుంటాను.

పామర్రు దగ్గర ఒక ఊళ్ళో మా అమ్మ వైపు దూరపు చుట్టం ఒకాయన ఉన్నారు. ఊరంతా మిలటరీ ఆయన అంటారు, నేను బాబాయ్ గారూ అంటాను. బంగ్లాదేశ్ యుద్ధంలో తూటాలు పడుతుండగా గాయపడ్డ ఆఫీసరును భుజానికెత్తుకుని కాలువ దాటించిన మనిషి. దానికి పతకం వచ్చింది. ఆయన మనవరాలి పెళ్ళి వీడియోకి వెళ్ళినప్పుడు, షోకేసులో బొమ్మల మధ్య ఆ పతకం చూసి నాకు ఆశ పుట్టింది. ఈయన మీద ఒక డాక్యుమెంటరీ తీస్తే? పెళ్ళి వీడియోల ఆవిడ అన్న పేరు పోయి, దర్శకురాలు అన్న పేరు వస్తుంది కదా!

ఆయన ఒప్పుకోలేదు. ఎన్నిసార్లు అడిగినా నవ్వి మజ్జిగ ఇచ్చి పంపించేశారు. ఒకరోజు ఆయనే ఫోన్ చేశారు.

"నువ్వు తీసేది టీవీలో వస్తుందా అమ్మాయ్?"

"యూట్యూబ్‌లో పెడతాను బాబాయ్ గారూ. ప్రపంచమంతా చూస్తుంది."

"ప్రపంచంతో నాకేం పనమ్మా. ఉయ్యూరు అవతల ఒక్క ఇల్లు చూస్తే చాలు. ఆ ఇంట్లో గవర్నమెంటు టీవీ తప్ప ఇంకోటి పెట్టరు, ఇంకోటి నమ్మరు. అందులో వేయిస్తానంటే రా, నోరు విప్పుతాను."

వేయిస్తానన్నాను. కెమెరా ముందు ఆయన చెప్పింది ఇది.

"అక్కడ మన జిల్లావాడు నాతోపాటు ఒక్కడే ఉండేవాడు. ఉయ్యూరు వైపు కుర్రాడు. ఇద్దరం తెలుగులో తిట్టుకుంటుంటే ఇంటి దగ్గరున్నట్టే ఉండేది. ఆ రోజు వాడికీ తొడలో తగిలింది. నేను ఆఫీసరు గారిని ఎత్తుకున్నాను. వాడు చూసి, నన్ను కూడా తీసుకుపోరా అన్నాడు. మళ్ళీ వస్తానన్నాను. ఆయన్ని అవతలి గట్టున దించాక నా కాళ్ళు కదల్లేదమ్మా. ఎవరూ నన్ను ఆపలేదు. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. భయమేసింది, అంతే. తెల్లారి వెళ్ళేసరికి వాడు పోయాడు. సెలవు మీద వచ్చినప్పుడు వాళ్ళింటికి వెళ్ళి, తగలగానే ప్రాణం పోయింది, బాధేమీ పడలేదని చెప్పాను. వాడి చెల్లెలు నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ అమ్మాయికి ఎదురుగా కూర్చుని నిజం చెప్పే ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇందులో చెప్తే వింటుంది. ఆనక తిడుతుందో, వచ్చి కొడుతుందో, ఆమె ఇష్టం."

ఆ అమ్మాయికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆయన మనసులో ఇంకా రెండు జడల పిల్లే.

ప్రభుత్వ టీవీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. అక్కడ కార్యక్రమాలు చూసే అధికారి మర్యాదస్తుడు. ఫిల్మ్ మొత్తం చూశారు. చివర్లో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు కూడా.

"చాలా బాగుందండీ. గణతంత్ర దినానికి వేసుకోవచ్చు. కాకపోతే, ఆ రెండో కుర్రాడి సంగతి చనిపోయిన సైనికుడి విషయం కదండీ. ఆర్మీ వాళ్ళ అనుమతి తెచ్చుకుంటే మంచిది. రాయండి, ఇస్తారు. కాస్త ఆలస్యమవుతుందంతే. వచ్చాక మొత్తం వేద్దాం. తొందరేముందండీ?"

తొందరంతా నాదే. గణతంత్ర దినానికి వస్తుందని అప్పటికే కనపడ్డవాళ్ళందరికీ డప్పు కొట్టుకున్నాను.

"ఆ ముక్క తీసేస్తేనో?" అన్నాను.

ఆయన నా వైపు కాస్త వింతగా చూశారు. "తీసేస్తే అభ్యంతరమేమీ ఉండదండీ. ఫిల్మ్ మీది, మీ ఇష్టం."

ఆ మధ్యాహ్నమే గదికి వచ్చి కోసేశాను. ఆయన కాలువ దాటడం దగ్గర నీళ్ళ మీద ఎండ మెరుస్తున్న షాట్ ఒకటి వేసి, వేణువు పెట్టి, నేరుగా పతకం దగ్గరికి తీసుకుపోయాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ అతుకు చూసి ముచ్చటపడ్డాను కూడా. తర్వాత బాబాయ్ గారికి ఫోన్ చేశాను.

"టైము సరిపోక కాస్త తగ్గించాల్సి వచ్చిందండీ. అసలు కథంతా ఉంది."

"సరేనమ్మా. నీకు తెలుసుగా," అన్నారు. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే దొరికిపోయేదాన్ని. ఆయన అడగలేదు. నన్ను నమ్మారు.

గణతంత్ర దినాన సినిమా టీవీలో వస్తోందని తెలిసి ఊళ్ళో కుర్రాళ్ళు ఊరుకుంటారా? పార్టీ మీటింగులకి తెచ్చే ఎల్‌ఈడీ తెర అద్దెకు తెచ్చారు. రోడ్డు మీద షామియానా వేశారు. ఫ్లెక్సీ కట్టారు. అందులో బాబాయ్ గారి ఫోటో మూలకి పోయి, కట్టినవాళ్ళ ఫోటోలే వరసలు తీరాయి. అంతవరకూ నవ్వుకున్నాను. తర్వాత సన్మానం అన్నారు. మా వైపు సన్మానమంటే శాలువా ఎవరికి కప్పుతున్నారన్నదానికంటే ఎవరిచేత కప్పిస్తున్నారన్నదే పెద్ద లెక్క. ఎమ్మెల్యే గారికి వీలు కాలేదట. ఆలోచించి ఆలోచించి, ఉయ్యూరు వైపు అదే యుద్ధంలో పోయిన జవాను ఒకాయన ఉండేవారని ఎవరో చెబితే, ఆయన చెల్లెలిని పిలిచారు. ఆవిడ చేత కప్పిస్తే ఎంత బాగుంటుందోనని వాళ్ళకి వాళ్ళే మురిసిపోయారు.

నేను కోసేసిన ముక్క ఎవరి కోసం చెప్పారో ఆవిడే. బాబాయ్ గారు మాత్రం ఒక్కటే పట్టుబట్టారు. "శాలువా సినిమా అయ్యాకే. ముందు కప్పితే నేను లేచి వెళ్ళిపోతాను."

"ఎంత నిగర్వి అండీ!" అన్నారు కుర్రాళ్ళు. ఆయన ఉద్దేశం నాకొక్కదానికే తెలుసు. సినిమాలో అంతా విన్నాక, కప్పాలో వద్దో ఆవిడే తేల్చుకోవాలి. అందుకు ఆయన సిద్ధపడి కూర్చున్నారు. పెసరట్టు ఉప్మా పెడుతున్నప్పుడు ఆయన పక్కనే ఉన్నాను. చెప్పెయ్యాలనే వెళ్ళాను. నీళ్ళు నమిలి, ప్లేటు పట్టుకుని వచ్చేశాను.

ఆవిడ కొడుకుతో కారులో వచ్చారు. మంగళగిరి చీర కట్టుకుని, చేతిలో పళ్ళ కవరుతో నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి, "బాగున్నావా అన్నయ్యా?" అన్నారు. ఆయన తలెత్తలేకపోయారు.

సినిమా మొదలైంది. నేను తెర వైపు చూడలేదు, ఆయన్నే చూశాను. కాలువ వచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకున్నారు, కుర్చీ చేతులు పట్టుకున్నారు. వేణువు వినిపించింది. ఆ వెంటనే షామియానా అంతా చప్పట్లు. ఆయన కళ్ళు తెరిచి చూస్తే తెర మీద పతకం ఉంది. పక్కన ఆవిడ అందరికంటే ముందు చప్పట్లు కొడుతున్నారు. ఆయన నా కోసం వెతికి, నన్ను చూశారు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. సంతలో చెయ్యి వదిలేస్తే పిల్లలు అలా చూస్తారు.

ఆవిడ శాలువా కప్పారు. వంగి కాళ్ళకి దండం పెట్టబోతే ఆయన "వద్దమ్మా, వద్దు" అంటూ ఏడ్చేశారు. "ఆనందబాష్పాలండీ, ఆనందబాష్పాలు!" అని కుర్రాళ్ళెవరో మైకులో అరిచారు. నేను చేసిన పని ఏమిటో నాకప్పుడు పూర్తిగా తెలిసింది. ఒప్పుకోవడానికి వచ్చిన మనిషి నోరు నొక్కేసి, ఆయన తప్పు మీద ఆవిడ చేతే శాలువా కప్పించాను.

జనం పలచబడ్డాక ఆయన చెయ్యి కడుక్కునే చోట నన్ను ఆపారు.

"ధైర్యమంతా కూడగట్టుకుని ఒక్కసారి చెప్పానమ్మా. మళ్ళీ నావల్ల కాదు. ఆ ముక్క ఇంకా నీ దగ్గరుందా?"

ఉందన్నాను.

"అయితే ఆమెకి చూపించు."

చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి చెప్పుకుని తేలికపడేదాన్ని.

వెంటనే వెళ్ళానా అంటే, లేదు. పెళ్ళిళ్ళ సీజను అని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. చివరికి ఒకరోజు లాప్‌టాప్ పట్టుకుని బయల్దేరాను. ఉయ్యూరులో ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించాయి. బస్సు కదలనంతసేపూ నాకు హాయిగానే ఉంది.

ఆవిడ నన్ను చూసి సంబరపడ్డారు. కాఫీ ఇచ్చారు. టీవీలో రాని ముక్క ఒకటుంది పిన్నిగారూ అని, టేబుల్ మీద పెట్టి చూపించాను. కదలకుండా చూశారు. అయిపోయాక, "మా అన్నయ్య అడిగాడే, ఆ మాట దగ్గర మళ్ళీ పెట్టు," అన్నారు. పెట్టాను. బాబాయ్ గారి గొంతులో వాళ్ళన్నయ్య మాట మళ్ళీ వినిపించింది. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చాలాసేపు ఏడ్చారు. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

తర్వాత మొహం తుడుచుకుని, మెల్లిగా మొదలుపెట్టారు.

"బాధ పడకుండా పోయాడని మా అమ్మ కడదాకా నమ్మిందమ్మా. ఆ మాట పట్టుకునే బతికింది. ఆయన సంగతి ఆయనా నేనూ చూసుకుంటాం. వెళ్తానో, వెళ్ళనో, నాకే ఇంకా తెలీదు. కానీ ఇది నా చేతికి శాలువా రాకముందే నువ్వు చూపించాలి కదా. కప్పాలో వద్దో నేను అనుకోవాలి కదా."

"తప్పైపోయింది పిన్నిగారూ," అన్నాను.

"తప్పని నాకూ తెలుస్తోంది. ఆయన చిన్నవాడు అప్పటికి, మీద తూటాలు పడుతున్నాయి, భయపడ్డాడు. ఏసీ గదిలో కూర్చున్నదానివి, నీకేం భయమొచ్చిందమ్మా?"

నేను లాప్‌టాప్ మూసేశాను. ఆవిడ కుర్చీ దగ్గరగా లాక్కుని నా ఎదురుగా కూర్చుని, చెప్పేదాకా చూస్తానన్నట్టు చూస్తున్నారు.