సముద్రంలో దిగుతున్న పల్లెపిల్లలు

పద్నాలుగో ఏట మా అమ్మాయి అన్నం మానేసింది. స్కూల్లో తిన్నానని ఇంట్లో, ఇంట్లో తిన్నానని స్కూల్లో చెప్పేది. ఒకరోజు, ఐర్లండ్‌లో మేముండే మెయ్‌నూత్ స్టేషన్ మెట్లమీద కళ్లు తిరిగి పడిపోయింది. మా ఫ్యామిలీ డాక్టరు చూసి, అటునుంచటే ఆసుపత్రికి పంపేశాడు.

ఇక మా బతుకంతా ఆ వార్డు చుట్టూనే. మందుల ఫ్యాక్టరీ ల్యాబులో నా పనికి సెలవు పెట్టాను. మా ఆయన లెపర్డ్స్‌టౌన్ ఆఫీసు నుంచి తిన్నగా వార్డుకే వచ్చి, మంచం పక్కన ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చునేవారు. చిన్నప్పుడు నా చేతి పప్పుముద్ద కోసం నోరు తెరుచుకుని కూర్చునే పిల్ల, ఇప్పుడు నేను డబ్బా మూత తీస్తే గోడవైపు తిరిగిపోయేది.

కొంచెం తేరుకుంటోందని ఒక శనివారం మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లనిచ్చారు. ఎక్కడికెళ్దామంటే బొమ్మలు చూస్తానంది. వాన పడుతోంది. డబ్లిన్‌లో ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లాను. రెండు గదులు నడిచేసరికే అలిసిపోయి, ఒక పెద్ద పటం ముందు బెంచీమీద కూలబడింది.

పటంలో సముద్రం, స్నానానికి దిగుతున్న పల్లెటూరి ఆడపిల్లలు. దగ్గరికెళ్తే అన్నీ రంగు మరకలే. ఇవతలికొస్తే ఎండ, నురగ, నీళ్లలో కాళ్లు. వాళ్లు పొలంపని చేసే పిల్లలని చూడగానే తెలుస్తుంది. మోచేతుల దాకా కమిలిన ఎరుపు, ఆ పైన తెల్లటి భుజాలు, గట్టి పిక్కలు. ఒకమ్మాయి బట్టలు ఇసకలో పడేసి ఇంకొకమ్మాయిని చెయ్యిపట్టి లాగుతోంది. ఎవరి ఒళ్లు ఎలా ఉందో ఎవరికీ పట్టలేదు.

మా అమ్మాయి చాలాసేపు చూసింది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో, అదీ ఇక్కడి యాసలో జవాబిచ్చే పిల్ల, ఆరోజు తెలుగు మాటలు వెతుక్కుంటూ అడిగింది.

"అమ్మా, వీళ్లకి సిగ్గు లేదా?"

"నీళ్లలో దిగడానికి సిగ్గెందుకు తల్లీ?"

"అది కాదు. వాళ్ల ఒళ్లంటే వాళ్లకి భయం లేదా?"

లేదన్నాను.

"మరి నాకెప్పుడు పోతుంది?"

తొందరలోనే పోతుందన్నాను. నా గొంతులో నమ్మకం లేదని తనకి తెలిసిపోయింది. నన్ను ఓదారుస్తున్నట్టు నా చెయ్యి నిమిరింది. ఆ వేళ్లలో ఎముకలే తగిలాయి.

కింద కెఫేలో సూపు తెప్పించాను. పైన పొర కట్టేదాకా దాన్ని చెంచాతో కదుపుతూ కూర్చుంది. వడ్డించే పెద్దావిడ వచ్చి బాగుందా అంటే, ఇక్కడివాళ్లు బాగుందనడానికి అనే మాటే, "గ్రాండ్" అని నవ్వింది. ఎవరైనా నమ్మే నవ్వు అది.

తర్వాతి వారం తన పరిస్థితి మళ్లీ దిగజారింది. ముక్కులోంచి గొట్టం వేశారు. వేసేటప్పుడు నన్ను బయట ఉండమన్నారు. లోపలినుంచి ఏడుపు వినిపించినా బాగుండేది. ఏమీ వినిపించలేదు.

ఇప్పుడు ఇంట్లోనే ఉంది. కొన్నాళ్లు తింటుంది, కొన్నాళ్లు తినదు. ఓపిక పట్టమంటారు డాక్టర్లు. తను తింటున్నప్పుడు కంచం వంక చూడకూడదట. అందుకని కిటికీలోంచి పక్కింటి గోడ చూస్తూ కూర్చుంటాను. చెంచా చప్పుడు ఆగిపోతుంది. మళ్లీ మొదలవుతుందేమోనని, తల తిప్పకుండా గోడనే చూస్తూ ఉంటాను.