ఎడమ ఇంజిన్ ఆగింది

మా ఇంట్లో ముఖ్యమైన మాటేదైనా రెండుసార్లు వినపడేది. నాన్న టాటానగర్‌లో రైలింజిన్ నడిపినవాడు. ఇంజిన్‌లో అసిస్టెంటు సిగ్నల్ చూసి పైకి చెప్తాడు. డ్రైవరు తానూ చూసి అదే మాట తిరిగి చెప్తాడు. ఆ అలవాటు డ్యూటీ దిగాక కూడా నాన్నతో ఇంటికి వచ్చేసేది. బయటికి వెళ్ళేటప్పుడు అమ్మ "గేస్ బందు" అంటే, నాన్న వెళ్ళి మీట తడిమి "గేస్ బందు" అనేవాడు. నాకు మా ఊరి సాక్చి రోడ్డు దాటడం కూడా అలాగే నేర్పాడు. నేను రెండు పక్కలా చూసి "ఖాళీ" అనాలి. ఆయన "ఖాళీ" అనేదాకా అడుగు కదపకూడదు. స్కూల్లో పిల్లలు నవ్వేవారు. నాకు మాత్రం ఆ రెండో మాట వినపడకపోతే ఇల్లు తాళం వెయ్యకుండా వచ్చేసినట్టు ఉండేది.

తర్వాత నాన్నకి కళ్ళు చెడిపోయాయి. వైద్య పరీక్షలో తప్పాడని ఇంజిన్ దింపేసి ఒక ఆఫీసులో బల్ల వెనక కూర్చోబెట్టారు. రిటైరై అదే ఊళ్ళో భాలుబాసా పేటలో రెండు గదుల ఇంటికి వచ్చిన ఏడాదే అమ్మ పోయింది. అప్పటికి నేను పైలట్ చదువులో సగంలో ఉన్నాను. ఒక ఇంజిన్ విమానం నడపడం వచ్చింది. రెండు ఇంజిన్ల చిన్న విమానం మీద పరీక్ష పాసైతేనే ఏ కంపెనీ అయినా నా కాగితాలు చూస్తుంది. నాకు ముప్పై దాటింది. నాతో మొదలెట్టినవాళ్ళు ఎప్పుడో ఉద్యోగాల్లో చేరిపోయారు. ఇది పోతే నాకు ఇంకో దారి లేదు. ఇంకో పనేదీ రాదు కూడా.

పరీక్ష దగ్గరపడుతుండగా ఆ విమానమే రిపేరుకి వెళ్ళింది. ట్రైనింగ్ వేరే రాష్ట్రంలో. మూడు వారాలు ఇంటికి వెళ్ళి పుస్తకం చదువుకోమన్నారు. నేను చదువుతుంటే నాన్న మంచం పక్కన కూర్చుని వినేవాడు. అప్పటికి చూపు దాదాపు పోయినా యంత్రం గురించి వింటే ఆయన ముఖం వెలిగేది. అది చూస్తే నాకు సంతోషమూ కలిగేది, భయమూ వేసేది.

"రెండింజన్లు కట్టిన గూడ్సు నానెన్ని తోల్నేదు! ఒకటి ఫెయిలైతే బంద్ సేసి రెండోదాంతో లాగించీడమే. ఇందల భయమేటి?" అన్నాడు మొదటిరోజు.

రైలింజిన్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ఇక్కడ రెండు రెక్కల మీద రెండు ఉంటాయి, అదే తేడా అని చెప్పాను. ఠేలాబండిని ఇద్దరు తోస్తుంటే ఒకడు వదిలేసినట్టు, బతికున్న ఇంజిన్ విమానాన్ని చచ్చిన ఇంజిన్ వైపు తిప్పేస్తుంది. తిరక్కుండా ఆపేది కాలితో తొక్కే రడ్డర్, అంటే తోక మీది చుక్కాని. దానికి గాలి వేగం కావాలి. స్పీడు మీటరు మీద ఒక ఎర్రగీత ఉంటుంది. వేగం అంతకంటే పడిపోతే కాలు ఎంత తొక్కినా లాభం లేదు, మంచి ఇంజినే విమానాన్ని తిరగేస్తుంది. అందులోనూ ఎడమది ఆగితే మరీ కష్టం. ఇంజిన్ల ముందు తిరిగే రెండు పంఖాలూ ఒకే వైపు తిరుగుతాయి. ముక్కు పైకెత్తి ఎక్కేటప్పుడు, కిందికి దిగే బ్లేడు ఎక్కువ లాగుతుంది. ఆ బ్లేడు రెండింటికీ కుడిపక్కనే ఉంటుంది. కాబట్టి కుడి ఇంజిన్ లాగుడు విమానం ఒంటికి దూరంగా పడి, ఎక్కువగా తిప్పుతుంది.

ఇంకోటి కూడా చెప్పాను. రెండింటిలో ఒకటి పోతే పైకెక్కే సత్తా సగం పోదు, దాదాపు అంతా పోతుంది. ఉన్న బలంలో ఎక్కువ భాగం ఎగురుతూ ఉండడానికే సరిపోతుంది, ఎక్కడానికి మిగిలేది పైన ఉన్న కొంచెమే. ఒకటి ఆగాక ఆ కొంచెం ఉండదు.

నాన్న "అవును. మీ యమ్మ పోయినాక నాకు తెలిసింది" అన్నాడు. నేను పుస్తకం మూసేసి టీ పెట్టడానికి వెళ్ళాను.

మర్నాటినుంచి డ్రిల్లు మొదలెట్టాం. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, లివర్లకి బదులు స్టూలు మీద గరిటెలు. ఆగిన ఇంజిన్ పంఖా ఎదురుగాలికి అడ్డంగా తిరుగుతూ విమానాన్ని వెనక్కి గుంజుతుంది. దాని బ్లేడ్ల అంచుని గాలికి ఎదురుగా తిప్పాలి. పంఖా లివర్ని పూర్తిగా వెనక్కి లాగితే ఆయిల్ ఒత్తిడి పోయి, లోపలి స్ప్రింగే తిప్పేస్తుంది. కానీ పంఖా మరీ నెమ్మదిస్తే ఒక చిన్న పిన్ను పడిపోతుంది. ఇక ఆ బ్లేడ్ల అంచుని తిప్పడం కుదరదు. ఈలోపే ఏ ఇంజిన్ పోయిందో తేల్చుకోవాలి. ఏ కాలు తొక్కాల్సిన పని లేకుండా ఖాళీగా ఉందో ఆ పక్కది పోయినట్టు.

నేను "ఎడమ కాలు ఖాళీ" అనేదాన్ని. నాన్న "ఎడమ కాలు ఖాళీ" అనేవాడు. నేను "ఎడమ ఇంజిన్ ఆగింది" అనేదాన్ని. ఆయన తిరిగి చెప్పాక గరిట లాగేదాన్ని. రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు. ఆయన గొంతు డ్యూటీలో ఉన్న గొంతులా గట్టిగా వచ్చేది. మా తప్పు అక్కడే ఉందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ట్రైనింగులో ఇన్‌స్ట్రక్టరు కూడా నా ప్రతి మాటకీ "కరెక్ట్" అంటుండేవాడు, అందుకని అక్కడా బయటపడలేదు.

పరీక్షరోజు వాతావరణం బాగుంది. ఎగ్జామినరు మధ్యవయసు మనిషి, పొడుగు ముఖం. కావలసినంత ఎత్తుకి ఎక్కాక, ఏది లాగుతాడో నాకు కనపడకుండా లివర్ల మీద ఒక అట్ట అడ్డం పెట్టి, ఇంజిన్ బలం తగ్గించే థ్రాటిల్ ఒకటి లాగేశాడు. ముక్కు ఎడమకి తిరిగింది. కుడికాలు తొక్కాను. ఎడమకాలు ఖాళీ. పైకి చెప్పాను. అంతా సరిగ్గానే చెప్పాను.

చెప్పి ఆగాను.

ఆయన మాట్లాడలేదు. పరీక్షలో ఆయన మాట్లాడకూడదు. నా చెయ్యి లివర్ మీద ఉంది, ముక్కు ఇంకా పైకే ఉంది, వేగం పడిపోతోంది. అదంతా నాకు కనపడుతోంది. నేను వింటున్నాను. సూది ఎర్రగీతకి చేరేసరికి కాలికింద బలం పోయింది, ఎడమ రెక్క వాలింది. ఆయన కంట్రోల్స్ లాక్కుని, కుడి థ్రాటిల్ తగ్గించి, ముక్కు దించి విమానాన్ని సరిచేశాడు. దిగాక హిందీలో ఒక్కటే అడిగాడు, ఎవరి కోసం ఆగావని. కోపంగా కూడా అడగలేదు.

నిజానికి జవాబు చెప్పాల్సింది మనిషి కాదు. అనుమానం ఉన్న ఇంజిన్ థ్రాటిల్ మనమే వెనక్కి లాగాలి. ఏమీ మారకపోతే ఆగింది అదే. పుస్తకంలో ఉంది. నాన్నకి నేనే చదివి వినిపించాను.

ఇంటికొచ్చాక అబద్ధం చెప్దామనుకున్నాను. చేతకాలేదు. నాన్న తల వంచుకుని విన్నాడు. "ఎన్ని సెకన్లు ఆగినావు?" అన్నాడు. "చార్ పాంచ్" అన్నాను, నాలుగైదని, ఎప్పట్లాగే ఆయన తెలుగుకి నా హిందీ. ఆయన వేళ్ళు గరిటెల కోసం స్టూలంతా వెతికాయి. "నీకు ఆ రోగం నానంటించినాను. ఇంకెప్పుడూ తిరిగి సెప్పను. నాను సెప్తానని నువ్వు ఎదురుసూడకు" అన్నాడు.

ఆ మాట మీదే ఉన్నాడు. రెండోసారి పరీక్షకి తేదీ ఇంకా రాలేదు. వచ్చినా పాసవుతానన్న ఆశ నాకు లేదు. అయినా రోజూ కుర్చీల్లో కూర్చుంటాం. నేను "ఎడమ ఇంజిన్ ఆగింది" అంటాను. పక్క కుర్చీలో నాన్న పెదాలు బిగించుకుని ఉంటాడు. ఆయన గొంతు కదలడం నాకు కనిపిస్తుంది. నేను ఆగకుండా గరిట లాగేస్తాను. ఇల్లు దాటేటప్పుడు "గేస్ బందు" అన్నా ఇంట్లో చప్పుడుండదు. నేనే వెళ్ళి మీట చూసి వస్తాను. ఇంత బాధపెట్టి నేర్చుకునే చదువు ఎందుకనిపిస్తుంది.

మొన్న ఆయన్ని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. సాక్చి రోడ్డు అంచున నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. రెండు పక్కలా చూసి "ఖాళీ" అన్నాను. వెంటనే నడిచాను. బాగా నేర్చుకున్నాను మరి. అవతలికి చేరాక భుజం తేలిగ్గా ఉందని తెలిసింది.

నాన్న ఆ ఒడ్డునే ఉన్నాడు, చెయ్యి ఇంకా నా భుజం ఎత్తులో గాల్లో పెట్టుకుని. మధ్యలో లారీలు పోతున్నాయి. పిలిస్తే నేను రోడ్డు మధ్యలో ఆగిపోతానేమోనని ఆయన పిలవలేదు.