తుప్పు పట్టని రేకు

మా అపార్ట్‌మెంటు లిఫ్టు మాట్లాడుతుంది. ఏ అంతస్తు వచ్చిందో, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెబుతూ ఉంటుంది. మూడో అంతస్తు బటన్ నొక్కినవాడికి మూడో అంతస్తు వచ్చిందని చెప్పడం అంత అవసరమా అని అసోసియేషన్ మీటింగులో అడిగాను. ఎవరికీ వినపడలేదు. నా గొంతు అలాంటిది. నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. వెనక బెంచీలవాళ్లు నా పాఠం ఏనాడూ వినలేదు, అందులో తప్పు సగమే వాళ్లది.

అదే మీటింగులో కార్లకి రేకుల షెడ్డు వెయ్యాలని తీర్మానించారు. మొన్న ఆటోనగర్ నుంచి రేకులు దిగాయి. దించుతుండగానే జల్లు పడింది. తడిసిన కొత్త జింకు రేకుకి ఒక వాసన ఉంటుంది, నాలుక మీద వట్టి చెంచా పెట్టుకున్నట్టు, వాసనో రుచో తేల్చుకోలేని వాసన. అది ముక్కుకి తగిలిందంటే నేను ఇప్పటికీ మునివేళ్ల మీద నడుస్తాను.

మా నాన్నది గోదావరి జిల్లా. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి, కొత్తగా పెళ్లయిన అమ్మతో ఉక్కునగరంలో కింది అంతస్తు క్వార్టర్లో దిగాడు. నేను అక్కడే పుట్టాను, నా తర్వాత ఎవరూ పుట్టలేదు. నాన్నకి దేవుడి మీద నమ్మకం మామూలుగా ఉండేది, లోహాల మీద మాత్రం గట్టిగా ఉండేది. ఇంట్లో నీళ్ల బకెట్లు, బియ్యం డబ్బా, అమ్మ కాపురానికి తెచ్చుకున్న పెట్టె, వానాకాలం చూరు కింద పెట్టే తొట్టె, అన్నీ జింకు రేకువే. జింకు అంటాం గానీ లోపలున్నది ఇనుమేనని, కరిగిన జింకులో ముంచి తీస్తే పైన పూత పడుతుందని, అది చల్లారేటప్పుడే రేకు మీద ఆ ముగ్గుపువ్వులు విచ్చుకుంటాయని, పురాణం చెప్పినంత శ్రద్ధగా చెప్పేవాడు. "గీత పడినా భయం లేదురా. చుట్టూ ఉన్న జింకు తను కరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది" అనేవాడు. గాజువాకలో బకెట్టు కొనడానికి వెళ్తే ముందు వేలి కణుపుతో కొట్టి వినేవాడు, వెలుతురుకి ఎత్తి అతుకులు చూసేవాడు, ఆ పైన అదే రకం రేకు ముక్క అడిగి తీసుకుని మడిచి, మడత దగ్గర పూత పొరలు లేస్తోందేమో గోటితో గీకేవాడు. లేస్తే కొనేవాడు కాదు. లేవకపోయినా ఒక్కోసారి కొనేవాడు కాదు. మమ్మల్ని చూడగానే షట్టరు దించేసిన కొట్టు ఒకటుండేది. వాళ్లకి భోజనం టైమయిందని అమ్మ సర్దిచెప్పేది.

అలాంటి మనిషి పెరట్లో బట్టలుతికే చోట ఎండ తగలకుండా ఒక రేకు వేయించాడు. మందం, పూత, పువ్వు, వాలు, మేకుల కింద రబ్బరు బిళ్లలు, అన్నీ ఆలోచించాడు. ఒక్కటి మరిచిపోయాడు. ఆ రేకు మా పడగ్గది కిటికీకి ఆనుకుని ఉంది, దాని మీదికి నాటు బాదం చెట్టు వంగి ఉంది, నాన్న నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునేది ఆ గదిలోనే.

మొదటిరోజు బాదంకాయ పడినప్పుడు నేను పెరట్లోనే ఉన్నాను. గుడిగంట కింద తల పెట్టినట్టయింది. నాన్న చింతనిప్పుల్లాంటి కళ్లతో బయటికొచ్చి, రేకుని కాసేపు చూసి, "మోత చూశావా? గట్టి సరుకు" అని మళ్లీ వెళ్లి పడుకున్నాడు. ఆ ఒక్క మాటతో రేకు శాశ్వతమైపోయింది. మెచ్చుకున్నదాన్ని విప్పమంటే మా నాన్నకి తలకొట్టేసినట్టుండేది. అమ్మ దాని మీద గోనెసంచులు పరిస్తే, తడి పట్టుకుని పూత పాడవుతుందని ఆయనే తీసేశాడు. కొలిమిలాంటి చోట నిద్రలేని మనిషి రెప్ప వాలిస్తే చెయ్యి పోతుందని, చెయ్యితో ఆగితే అదృష్టమని, నాన్న ఎప్పుడో భోంచేస్తూ పచ్చడి గురించి అన్నంత మామూలుగా అన్నాడు. అమ్మ ఆ మాటని మామూలుగా వినలేదు.

అందుకని నాన్న నిద్రకి అమ్మ కాపలా కూర్చుంది. రేకు కింద పీట వేసుకుని, పక్కన పాతగుడ్డ చుట్టిన వెదురుకర్ర పెట్టుకుని, కాకి వాలితే చప్పుడు కాకుండా లేపేది; పండబోయే బాదంకాయల్ని ముందే కోసేసేది. వగరు కాయలు తినితిని నా బాల్యమంతా నాలుక నల్లగానే ఉండేది. నైట్ షిఫ్టు వారాల్లో రోట్లో పచ్చడి లేదు, పనసపొట్టు కొట్టడం లేదు; పోపు కూడా గోరువెచ్చని నూనెలో ఆవాలు వేసి మూత పెట్టేసేది కాబట్టి మా పప్పులో ఆవాలు పచ్చిగా పంటికింద తగిలేవి. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లంతా గలగలలాడుతుంటే అమ్మ బిందె నింపుకుని, నవ్వుముఖంతో తలూపి వచ్చేసేది. దీపావళికి మా గుమ్మంలో చిచ్చుబుడ్లూ మతాబాలే. నన్ను అన్నానికి కేకేసి పిలవడమన్నది లేదు. నేనెక్కడున్నా వచ్చి భుజం తట్టేది. తోటి పిల్లలు మా వాకిట్లో ఒకసారి ఆడి, రెండోసారి రాలేదు. నేను గచ్చు మీద సుద్దతో పులిజూదం గీసుకుని ఆడేవాణ్ణి. పులీ నేనే, మేకా నేనే. ఎక్కువసార్లు మేకనే.

మా ఇంటికి వచ్చే మనిషి ఒక్కతే, సముద్రపొడ్డునున్న అప్పికొండ నుంచి చేపల గంప మోసుకొచ్చే పైడమ్మ. మొదటిసారి వీధి మొగలో "సేపలో" అని ఆవిడ అరిచిన అరుపుకి అమ్మ చెప్పులైనా లేకుండా పరుగెత్తి, నోటి మీద వేలు పెట్టి చూపించింది. పైడమ్మ గంప దించి లోపలికి తొంగిచూసి, "ఏటమ్మా, మీ ఇంట్ల ఎవులైనా సచ్చిపోనారేటి?" అని అడిగింది. చావు కాదు నిద్ర అని తెలిశాక ఆవిడా గొంతు తగ్గించుకుంది. ఆవిడకి అది ఉపవాసంలాంటిది. అయినా రోజూ వచ్చేది, రేకు కింద అమ్మ పక్కన చతికిలబడి, చేపలు శుభ్రం చేస్తూ ఊసులు చెప్పేది.

"ఇదెప్పుడు తుప్పట్టుద్దమ్మా?"

"పట్టదు పైడమ్మా. మంచి రేకు."

"మంచిదయితే మనకేటమ్మా. పీకి పారీమను."

"ఆయన నొచ్చుకుంటారు."

ఒక మధ్యాహ్నం పైడమ్మ తన మొగుడు కల్లు తాగొచ్చి, పడవనుకుని పొరుగింటివాళ్ల మంచం ఎక్కి తెడ్డు వేసిన సంగతి చెప్పింది. చేతులూపుతూ, గుసగుసగానే చెప్పింది. అమ్మ నవ్వింది. ముందు కొంగు అడ్డం పెట్టుకుంది, ఆగలేదు, కొంగు జారిపోయి పగలబడి నవ్వింది. అమ్మకి అంత గొంతుందని నాకు ఆరోజే తెలిసింది. పైన రేకు కూడా జుమ్మని పలికింది.

కిటికీ తెరుచుకుంది. నాన్న కోప్పడలేదు. మంచినీళ్లు తాగి మళ్లీ పడుకున్నాడు, నిద్ర పట్టలేదు, అటూ ఇటూ దొర్లి, నిద్రలేని కళ్లతోనే షిఫ్టుకి వెళ్లాడు. అమ్మ అన్నం ముట్టలేదు. తెల్లవారి ఆయన సైకిల్ గేటు దగ్గర కనిపించాక, రెండు చేతులూ ఉన్నాయో లేదో చూసుకున్నాక, అప్పుడు కూర్చుని ఏడ్చింది, చప్పుడు లేకుండా. నాన్న బూట్లు విప్పుకుంటూ, "నిన్న ఎందుకలా నవ్వావు?" అని అడిగాడు. తెలుసుకుందామనే అడిగాడు పాపం. "ఏం లేదండీ" అంది అమ్మ. ఆ తర్వాత ఆయన మళ్లీ అడగాల్సిన అవసరం రాలేదు. పైడమ్మ గంప మెల్లగా వెనక వీధికి మళ్లింది. అక్కడ అరవొచ్చు.

నాన్న రిటైరై క్వార్టరు ఖాళీ చేసేనాటికి కూడా ఆ రేకు మీద పువ్వులు అలాగే ఉన్నాయి. ఆయన దాన్ని కొంచెం గర్వంగానే విప్పించి పైడమ్మకి ఇచ్చాడు. సముద్రపు ఉప్పుగాలికి అది కొన్నాళ్లకే జల్లెడయిందని విని, "అది సముద్రం తప్పు, రేకుది కాదు" అన్నాడు. పోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. ఇప్పుడు మా పాత వీధిలో సగం క్వార్టర్లకి తాళాలు. నేను మునివేళ్ల మీద నడవాల్సిన ఇల్లు ఇప్పుడు ఎక్కడా లేదు. అమ్మ నా దగ్గర ఉంటోంది. ఇంట్లో ఉన్నది ఇద్దరమే, పగలు పడుకునేవాళ్లు ఎవరూ లేరు. అయినా టీవీకి గొంతు పెట్టం, పోపు చిటపటలాడదు, ఏదైనా కావాలంటే అమ్మ వచ్చి నా భుజం తడుతుంది. గట్టిగా మాట్లాడమ్మా అని నేను చెప్పాను. అయితే నేను చెప్పిందీ గుసగుసగానే.

నిన్న షెడ్డు పని చూద్దామని కిందికి దిగాను. డ్రిల్లు గోల, రేకు మీద సుత్తి దెబ్బలు, పనివాళ్ల కేకలు. నేను నిలబడ్డ చోటికి సరిగ్గా పైన ఒక రేకు అంచు పట్టు తప్పి జారుతోందట. నేను చూసుకోలేదు.

"బాబ్జీ! పక్కకి రా!"

ఎవరిదో తెలియని గొంతు. గోడకి తగిలి తిరిగొచ్చేంత గొంతు. నేను పక్కకి దూకాక, పనివాళ్లు రేకుని ఒడిసిపట్టుకున్నాక తలెత్తి చూశాను. మూడో అంతస్తు బాల్కనీలో అమ్మ, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

వాచ్‌మన్ భార్య అప్పలనరసమ్మ చీపురు ఆపి, పైకి చూసి, నన్ను చూసింది.

"అదేటి బాబూ, మీ యమ్మ మూగది గాదేటి?"