మగ్గం గుంతలో పొన్నంకి పిట్ట

పొన్నంకి పిట్ట కోసం బెంగళూరు పక్కనున్న నేషనల్ పార్కులో రెండు రోజులు తిరిగాను. హిమాలయాల దిగువ అడవుల నుంచి చలికాలానికి ఇటు వలస వచ్చే పిట్ట అది. రాలిన ఆకుల్లో గెంతుతూ పురుగులు ఏరుకుంటుంది. నాకు మాత్రం ఆకులే కనిపించాయి. "నిన్న ఈడనే ఉండె సార్," అన్నాడు మా హిందూపురం వైపు నుంచి వచ్చిన గైడు. నేను వెళ్లిన చోటల్లా అన్నీ నిన్ననే జరిగిపోయి ఉంటాయి.

ధర్మవరం తిరిగొచ్చిన మర్నాడు పొద్దున, మగ్గం మీద కూర్చున్న నాయన పిలిచాడు. వీధి చివరికి వినిపించే గొంతు పక్క గదికే సరిగా రాలేదు.

"ఒరే, చప్పుడు చేయకుండా రా."

మాది గుంత మగ్గం. నేసేవాళ్ల కాళ్లు గుంతలో, తొక్కుడు చెక్కల మీద ఉంటాయి. నాయన ఎడమ చెక్కను సగం తొక్కి బిగుసుకుపోయి ఉన్నాడు.

"చెక్క కింద ఏందో మెత్తగా ఉండాది. కదుల్తాండాది."

"పామా?"

"పేరెత్తొద్దురా!" తలుపు దగ్గర అవ్వ కేకేసింది. "పురుగు అను."

పేరు మారిస్తే విషం తగ్గుతుందేమో తెలియదు. నేను మాత్రం రెండు పేర్లకూ ఒకేలా వెనక్కి జరిగాను.

"కాలు తీసెయ్ నాయనా."

"తీస్తే లేసి కరుస్తాది. నీ సలహా నీ కాడే పెట్టుకో."

ఆయన నుదుటి మీద చెమట. చుక్క నేస్తున్న పట్టుచీర మీద పడకుండా తల పక్కకు తిప్పుకున్నాడు. చావు పక్కనే ఉన్నా పెళ్లిచీరదే మొదటి మర్యాద.

బోర్లా పడుకుని గుంతలోకి ఫోను టార్చి వేశాను. ఎర్రటి పొట్ట కింది భాగం. ఆకుపచ్చ వీపు. నల్లగీతలో ఒక కన్ను. రెండు రోజులు వెతికిన కన్ను.

"నాయనా, పురుగు కాదు. పిట్ట."

భయం అక్కడితో పోతుందనుకున్నాను.

"బతికుండాదా?"

"ఉండాది."

"అయ్యో, నా కాలు తిమ్మిరెక్కిందిరా! ఎత్తుదామంటే రావడంల్యా, కిందికే పోతాండాది. పిట్ట నలిగిపోతాది, తియ్యిరా!"

పాముకు కూడా ఆయన అలా అరవలేదు. ఒక చేత్తో చెక్కను పైకి పట్టి, రెండో చెయ్యి చీకట్లోకి పెట్టాను. వేళ్లకు వెచ్చగా తగిలింది. లాగాను.

అవ్వ నా గుప్పిటను చూసింది. "వణికేది అదా, నువ్వా?"

"కలిసే వణుకుతాండాం అవ్వా."

వలస దారిలో అలిసి రాత్రి ఇంట్లో దూరినట్టుంది. దారపు కండెల బుట్టలో పెట్టి తువ్వాలు కప్పాం. మధ్యాహ్నం పెరట్లో తువ్వాలు తీస్తే, కాసేపు మమ్మల్ని చూసి, గోడ దాటిపోయింది. ఫోటో తీయాలని అది పోయాక గుర్తొచ్చింది. పిట్టలు చూసే స్నేహితులు ఆధారం అడిగారు. చెక్క తొక్కిన నాయన కాలు చూపించాను.

ఆ రోజు ఆయన మళ్లీ మగ్గమెక్కలేదు. ఇప్పటికీ పొద్దున్నే గుంతలోకి టార్చి వేసి, "ఏమప్పా, ఎవురన్నా ఉండారా? నేను దిగాల," అంటాడు. నేను నవ్వుతాను. కాకపోతే ఆయన కాళ్లు రెండూ క్షేమంగా దిగిన తర్వాతే.