యారాలు చూసిన అద్దాల రెక్కలు

మొన్న పొద్దున కోమటి చెరువు కట్ట మీదికి నడకకు పోయినప్పుడు, పూలపొదల పక్కన ఒక అమ్మాయి పెద్ద కెమెరా పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని ఉంది. కాలేజీలో పాఠాలు చెబుతుందట, సెలవు రోజుల్లో పురుగుల ఫోటోలు తీస్తుందట. తీసిన బొమ్మను కెమెరా తెర మీద చూపించింది. ఆకుపచ్చని ఒళ్లు, నడుముకు ఎర్రటి పట్టీ, రెండు పక్కలా గాజు పలకల్లాంటి రెక్కలు, ఆ రెక్కల గుండా వెనకున్న ఆకు ఈనెలు కూడా కనబడుతున్నాయి. ఇది అసలు సీతాకోకచిలుక కాదని, శలభం జాతిదని ఆ అమ్మాయి ఓపికగా వివరించింది. నేను సరేనన్నాను గానీ, ఆ బొమ్మ చూసినప్పటి నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంటికొచ్చి చాయ్ పెట్టుకుని, అది చల్లారిపోయేదాకా ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతూనే ఉన్నాను.

నన్ను సిద్దిపేటలో ఇచ్చిన ఇల్లు విత్తనాలు, ఎరువుల దుకాణం వాళ్లది. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఆ వెనక బావి, బావి గచ్చు పక్కన ఒక గంధరాజం చెట్టు. మా నాయినకు దౌల్తాబాదులో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఎర్ర బల్బు వెలిగే చీకటి గదిలో ఫోటోలు కడగడం చిన్నప్పుడే నా చేతికి వచ్చింది. అందుకేనేమో, పెండ్లయి వచ్చేటప్పుడు నాయిన ఒక పాత కెమెరాను, దగ్గరి వస్తువులు తీసేందుకు దాని ముందు బిగించే అద్దాన్ని నా చీరల మధ్యన పెట్టి పంపాడు. కోడలుపిల్లకు కెమెరాతో ఏం పనని మా అత్త దాన్ని అల్మారా పైకెక్కించింది.

మా ఆయన అన్నను బావా అని, ఆయన భార్యను, అంటే నా యారాలిని, అక్కా అని పిలిచేదాన్ని. ఆమె పుట్టినిల్లు వేములఘాట్, వ్యవసాయం చేసే ఇల్లు. నేను కాపురానికి రావడానికి కొద్దిగా ముందే ఆమెకు మగపిల్లవాడు పుట్టి, పేరైనా పెట్టకముందే దవాఖానలో పోయాడు. ఆ తర్వాత ఆమెకు కుదురు లేకుండా పోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే ఆమె పెరట్లో ఉండేది, పిలవడానికి పెరట్లోకి పోతే అప్పటికే గదిలో ఉండేది. ఒక్క పొద్దుగూకే వేళ మాత్రం గంధరాజం చెట్టు ముందు కాసేపు నిలబడేది. ఒకనాడు అక్కడి నుంచి లోపలికొచ్చి, రెక్కలకు రంగే లేని సీతాకోకచిలుక వచ్చిందని, అద్దంలోంచి చూసినట్టు దాని రెక్కల్లోంచి అవతల పువ్వు కనబడిందని చెప్పింది. ఎవరూ నవ్వలేదు. అత్త బావ దిక్కు చూసింది, బావ నేల చూశాడు. ఆమె రోజూ అదే మాట చెబుతుంటే చుట్టాలు తలా ఒకటి అనడం మొదలుపెట్టారు. ఒకరు తాయెత్తు కట్టించమన్నారు, ఒకరు హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపించమన్నారు. మా అత్తకు అక్క వరసయ్యే ఒకావిడైతే, ఆలస్యం కాకముందే బావకు ఇంకొక సంబంధం చూడమన్నది. ఆ మాట నేను వంటింట్లో నుంచి విన్నాను, విన్న తర్వాత నాకూ నిద్ర సరిగా పట్టలేదు.

కొన్నాళ్లు సాయంత్రం పూట అక్క పక్కన పోయి కూర్చున్నాను. చివరికి ఒకనాడు నా కండ్లతో చూశాను. తుమ్మెద లాగా జుమ్మని చప్పుడు చేసుకుంటూ వచ్చి, పువ్వు ముందు గాలిలోనే ఆగి, తేనె పీల్చుకుని, నేను అక్క చెయ్యి పట్టుకునే లోపల గోడ అవతలికి పోయింది. ఎక్కడా వాలదు, ఎక్కడా కుదురుగా ఉండదు. నిజమేనని లోపలికి ఉరికి చెప్పాను. కొత్త కోడలి మాటకు ఏపాటి విలువ ఉండేదో నా ఈడు ఆడవాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

అప్పుడు అల్మారా మీది కెమెరా దించాను. ఒక రీలు మొత్తం ఆ చెట్టు దగ్గరే అయిపోయింది. మా ఆయన ఏమీ అడగకుండా దాన్ని బస్టాండు దగ్గరి స్టూడియోలో కడిగించుకొచ్చాడు. చాలా ఫోటోల్లో ఆకులు తప్ప ఏమీ లేవు. ఒక్కదాంట్లో మాత్రం ఒళ్లు స్పష్టంగా పడింది, రెక్కలుండాల్సిన చోట ఉత్త గాలి. సాయంత్రపు వెలుతురులో అంత వేగంగా కొట్టుకునే రెక్కలు ఫిల్ము మీద నిలవవని నాకు తెలుసు, కానీ ఆ సంగతి అత్తకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఆమె ఆ ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూసి, రెక్కలేవని అడిగి, ఇది తుమ్మెదని తేల్చి నా చేతిలో పెట్టింది. మేలు చేయబోతే కీడయింది. గుణమయ్యేదాకా అక్కను వేములఘాట్ పంపడానికి నిర్ణయమైంది.

అదే రోజుల్లో గంధరాజం ఆకులను ఆకుపచ్చ పురుగులు తినడం మొదలుపెట్టాయి. తోక మీద చిన్న కొమ్ము ఉన్న పురుగులు. ఇవి దాని పిల్లలేనని అక్క అన్నది. అది ఆకు అడుగున గుడ్డు పెట్టి పోవడం ఆమె చూసిందట. బావ దుకాణంలో నుంచి మందు తెచ్చి కొట్టేలోపల ఆమె నాలుగైదు పురుగులను ఏరి, మట్టి పోసిన కుండలో ఆకులతో సహా వేసి, మీద పలుచని గుడ్డ కట్టింది. అవి కొన్నాళ్లు తిని మట్టిలోకి పోయాయి. వేములఘాట్ పోయే జీపు వచ్చి వాకిట్లో ఆగిన రోజు అక్క తన సంచి తానే సర్దుకుంది. కుండ మాత్రం నా చేతికిచ్చింది.

"తడి ఆరనియ్యకు," అన్నది.

ఆమె పోయిన తర్వాత ఆమెకున్న తిరుగుడు నాకు పట్టుకుంది. బియ్యం ఏరుతూ లేచి పోయి కుండ చూసేదాన్ని, బట్టలు పిండుతూ లేచి పోయి చూసేదాన్ని. ఒకదాన్ని పంపిస్తే ఇంకొకదానికి మొదలైందని అత్త గొణిగేది. కుండలో కదలికే లేదు. మట్టి తడుపుతున్నానా, లోపల కుళ్లబెడుతున్నానా అని భయం.

ఒక పొద్దున గుడ్డ విప్పితే, కుండలో గుచ్చిన పుల్లను పట్టుకుని, మట్టిలోంచి రెక్కలతో వచ్చిన ఒకటి కనబడింది. దాని రెక్కల మీద బూడిద చల్లినట్టు మసక. అద్దం లేదు, ఏమీ లేదు. అయినా కెమెరా తెచ్చి, పుల్లను ఎండలో పెట్టి, అత్తను పిలిచాను. ఆమె జొన్నపిండి చేతులతోనే వచ్చింది. మేము చూస్తుండగా అది వణకడం మొదలుపెట్టింది. వణుకు పెరిగిన కొద్దీ రెక్కల మీది బూడిద రాలి, ఎండలో సన్నని పొగ లాగా లేచింది. ఒక్క గడియ ఆగింది. అప్పుడు ఆ రెక్కల్లోంచి గచ్చు మీది బొక్కెన కనబడింది. అంతలోనే పైకి లేచి, అత్త ముఖం ముందు గాలిలో నిలబడి, ఆమెనే చూస్తున్నట్టు చూసి, గోడ దాటిపోయింది.

అత్త బట్టలుతికే బండ మీద కూలబడింది.

"గిన్ని దినాలు పిల్ల నిజమే చెప్పింది," అన్నది.

ఈసారి రెండు ఫోటోలు నిలిచాయి, బూడిద రెక్కలది ఒకటి, అద్దాల రెక్కలది ఒకటి. బావ తాను పోతానంటే అత్త వద్దన్నది, ముందు తాను పోవాలన్నది. ఫోటోలను కొంగున కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, తొగుట దాకా బస్సులో, అక్కడి నుంచి దొరికిన బండి మీద వేములఘాట్ చేరింది. పెంకుటింటి ముందర అక్క మక్కజొన్న కంకులు ఒలుస్తూ ఉంది. ఫోటోలను చాలాసేపు చూసింది. ఎగిరిపోయిందా అని నన్నడిగి, పోయిందంటే తల ఊపింది. తర్వాత అత్త దిక్కు తిరిగింది.

"ఫోటో సూశి నమ్మిన్రు అత్తమ్మా. రేపు ఫోటోకు దొరకనిది ఏమన్న చెప్తె?"

వాళ్ల అవ్వ, ఆమెను కన్న తల్లి, అట్లా అనొద్దన్నట్టు చెయ్యి పట్టి గుంజింది. అత్త ఎదురుగా కూర్చుని తాను కూడా ఒక కంకి తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. ఆ రాత్రి అక్కడే ఉన్నాం. తెల్లారి బయలుదేరేటప్పుడు, ఏం చెప్పినా ముందు వింటానని మాత్రం అత్త అన్నది. అక్క మా వెంట రాలేదు. బావ పోయి, అక్కడే కొన్నాళ్లుండి, వాళ్ల మక్కచేను కోతలో చెయ్యి వేసి, బతుకమ్మ పండుగ దాటిన తర్వాత తీసుకొచ్చాడు.

వచ్చిన తర్వాత కూడా ఆమె తిరుగుడు ఒక్కసారిగా ఆగిపోలేదు. ఒక మధ్యాహ్నం చాట పట్టుకుని ఉన్నదల్లా ఆగి, పిల్లవాడు ఏడుస్తున్నాడని అన్నది. అత్త ఎవరినీ పిలవలేదు, కంగారు పడలేదు. తన పని పక్కకు పెట్టి, అక్కను ఆనుకుని కూర్చుంది.

"ఏ దిక్కుకెల్లి ఇనవడ్తుంది బిడ్డా?" అని అడిగింది.

అక్క చెవి రిక్కించి కాసేపు విని, అత్త ఒళ్లో తల పెట్టి, పిల్లవాడు పోయిన తర్వాత మొదటిసారి ఏడ్చింది. మరికొన్నేండ్లకు ఆమెకు ఆడపిల్ల పుట్టింది.

ఇప్పుడు అత్త లేదు. బావి పూడ్చేసి గోదాము కట్టారు, గంధరాజం ఆ పునాదుల్లోనే పోయింది. వేములఘాట్ మల్లన్నసాగర్ రిజర్వాయరు నీళ్ల కిందికి పోయింది. మా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే రిపోర్టు ఏమొచ్చిందని అడుగుతున్నాం, ఎట్లా ఉందని తర్వాత అడుగుతున్నాం. నేను కూడా అంతే. అక్క ఇప్పటికీ మాతోనే ఉంది, పొద్దుగూకితే మేడ మీద అటూ ఇటూ తిరుగుతుంది. తిరుగుతూ మునిగిపోయిన తన పుట్టింటి సంగతి చెబుతుంది, వానకు పెంకులెక్కడ కారేవో, అవ్వ జొన్నలు ఎక్కడ దాచేదో. పిల్లలు ప్రేమగానే, ఫోటో ఉంటే చూపించమని అడుగుతారు. ఆ ఇంటి ఫోటో ఎవరూ తీయలేదు. లేదనగానే వాళ్లు దిగి పోతారు. నేను ఆమె పక్కన నడుస్తూ ఉంటాను, మోకాళ్లు నొప్పి పెడుతున్నా, ఆమె చెప్పేది అయిపోయేదాకా.